యాడికి అన్న ఒక్క మాట

మొన్న బుధవారం పొద్దున నేను తిరుపతిలో కాలేజీ లైబ్రరీ తాళం తీస్తుంటే అమ్మ ఫోన్ చేసింది.

"కుట్టు మిస్ పొయిందమ్మే" అంది. ఫోన్లో మరమగ్గాల చప్పుడు వినిపిస్తూ ఉంది. "కాఫీ ఇద్దామని పోతే లెయ్యలేదు. తలుపు గడియ గూడా పెట్టుకోలేదు."

మా ఇంటి వెనక గదిలో ఉన్నన్నాళ్ళూ ఆమె ఆ తలుపుకు గడియ పెట్టలేదు. "పెడితే పగలగొట్టి వస్తారు. పెట్టకపోతే తోసుకుని వస్తారు. వచ్చేవాళ్ళు ఎలాగూ వస్తారు, మీ నాన్నగారి తలుపు ఎందుకు పాడుచేయడం?" అని ఒకసారి నాతో అంది. అప్పుడు నేను చిన్నదాన్ని. దొంగల గురించి చెబుతోందనుకున్నాను.

ఆమెది సముద్రానికి అవతల, జాఫ్నా దగ్గర ఒక ఊరు. యుద్ధంలో పడవెక్కి రామేశ్వరం చేరి, కొన్నేళ్ళు శరణార్థుల క్యాంపులో ఉండి, అక్కడికి వచ్చిపోయే ఒక సిస్టర్ దయతో నగరిలో మా కాన్వెంటుకు కుట్టుపని నేర్పడానికి వచ్చింది. క్యాంపు బయట ఉండటానికి ఆమెకు అనుమతి ఉంది. అయితే ఇచ్చినవాళ్ళు ఎప్పుడైనా వెనక్కి తీసుకోగల అనుమతి అది. అప్పుడప్పుడూ పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి కనపడి రావాలి. గిట్టనివాళ్ళెవరైనా ఒక్క మాట చెబితే చాలు, మళ్ళీ క్యాంపుకు. క్యాంపు నుంచి ఇంకెక్కడికో. అందుకని మా ఇంట్లో ఆమె గురించి బయట మాట్లాడటం ఉండేది కాదు. ఇంటికి కొత్తవాళ్ళు వస్తే అమ్మ వెనక వరండాలో ఆరేసిన ఆమె చీర తీసి లోపల పెట్టేది. ఎందుకని ఎవరూ అడిగేవాళ్ళం కాదు.

మా ఊళ్ళో తెలుగూ తమిళమూ ఒకే వీధిలో ఎదురెదురుగా ఉంటాయి. తమిళంలో కూత్తు అంటే ఆట, నాటకం. మిస్ కాజా కుట్టడం చూపిస్తూ సూదికి ఒక గొంతు, దారానికి ఒక గొంతు పెట్టి మాట్లాడించేది. దారం రానని మొండికేసేది, సూది బతిమాలేది. దాంతో తమిళం ఇళ్ళ పిల్లలు కుట్టు మిస్‌ను కూత్తు మిస్ అనడం మొదలుపెట్టారు. ఆ పేరు మొదటిసారి చెవిన పడినప్పుడు ఆమె నవ్వలేదు. "మీకెవరు చెప్పారు?" అని అడిగింది. తలుపు వైపు చూస్తూ అడిగింది.

మా వైపు "యాడికి?" అన్నది ప్రశ్న కాదు. పలకరింపు. "ఈడికే" అంటే సరిపోతుంది. కొందరు తల ఊపి వెళ్ళిపోతారు. మిస్ మాత్రం ఆ మాట వినగానే నిలబడిపోయేది. చేతిలో సంచి నేల మీద పెట్టేది. రెండు చేతులూ ఒంటికి కాస్త దూరంగా పెట్టుకుని, కళ్ళు కిందికి దించి, తన పేరు, ఉండే వీధి, పనిచేసే బడి, ఎక్కడికి వెళ్తోందో, ఎప్పటికి తిరిగి వస్తుందో వరసగా చెప్పేది. ఆమె తెలుగు మా పాఠ్యపుస్తకాలు చూసి నేర్చుకున్న తెలుగు. ప్రతి వాక్యం చివర చుక్క పెట్టినట్టు ఆగేది.

"అయ్యో తల్లీ, నీ రేషన్ కార్డు సూపీమంటినా ఏమి? ఊరికే అడిగినా!" అనేది ఆకుకూరల ఆమె.

మా అవ్వ ఊరుకునేది కాదు. "ఈమెను యాడికి అంటే పుట్టుపూర్వోత్తరాలు సెప్తాది. రేపు యముడొచ్చి అడిగినా ఇట్లే మొదులుపెడ్తాది సూడు. ఆయప్పకే ఇసుగొచ్చి ఇడిసిపెట్టి పోతాడు."

మేమంతా నవ్వేవాళ్ళం. మిస్ కూడా నవ్వేది. సంచి మళ్ళీ చేతిలోకి వచ్చాక.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పెద్ద సిస్టర్ మిస్‌ను పిలిచి స్కూల్ డేకు ఒక చిన్న నాటకం చేయించమంది. నీటి పొదుపు మీద. ఆ మధ్యాహ్నం మిస్ కుట్టు గదిలో అందరినీ పంపేసి, "నువ్వు ఉండు పిళ్ళై" అంది. పిళ్ళై అంటే వాళ్ళ యాసలో బిడ్డ. ఆ రోజు ఆమె గుండీలు రంగుల వారీగా ఏరుతూ, తల ఎత్తకుండా, తన ఊరి సంగతి చెప్పింది.

చదువుకునే రోజుల్లో ఆమె ఒక నాటక బృందంలో ఉండేది. కర్ఫ్యూ సడలించిన వేళల్లో బడి వరండాల్లో, చర్చి వెనక, పెళ్ళి పందిళ్ళలో ఆడేవాళ్ళు. స్టేజీ లేదు. లైట్లు లేవు. కాగితం అసలే లేదు. కాగితం దొరికితే మనిషి దొరికినట్టే. ఆ ఊళ్ళోకి ఒక సైన్యం పోతే ఇంకో సైన్యం వచ్చింది. మధ్యలో కొంతకాలం ఉన్నది మన దేశం నుంచి శాంతి కోసమని వెళ్ళిన సైన్యం. సైన్యాలతో తలపడే కుర్రాళ్ళు ఇంకో పక్క. నాటకం అంటే వాళ్ళకూ అనుమానమే. ఇద్దరికీ భయపడుతూ ఇద్దరి మీదా ఆడేవాళ్ళు.

మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళలో కూడళ్ళ దగ్గర నిలబడే కొందరు ఒక మాట అరిచేవాళ్ళట. "అది హిందీ అనుకున్నాము" అంది మిస్. "అర్థం తెలియదు. ఆ మాట వింటే ఆగాలి. సంచి కింద పెట్టాలి. చేతులు కనపడాలి. అడగకముందే అన్నీ చెప్పాలి. అంతే తెలుసు."

"ఏం మాట మిస్?"

ఆమె ఒక ఎర్ర గుండీ తీసి ఎర్రవాటిలో వేసింది. "నేను గేటు తీసినప్పుడల్లా మీ అవ్వ అడుగుతుంది కదా."

గదిలో ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

ఆ మాటతోనే వాళ్ళు ఒక నాటకం కట్టారు. ఒక ముసలామె బిందె పట్టుకుని నీళ్ళకు బయలుదేరుతుంది. ప్రతి కూడలి దగ్గరా ఒక సిపాయి అదే మాట అడుగుతాడు. ముసలామె ప్రతిసారీ జవాబు చెబుతుంది, ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువ చెబుతుంది. ఇల్లు, పిల్లలు, పోయిన భర్త, పొయ్యి మీద పెట్టి వచ్చిన గంజి. చివరి కూడలికి వచ్చేసరికి తను ఎక్కడికి బయలుదేరిందో మరిచిపోతుంది. అంతే నాటకం.

సిపాయి వేషం కట్టినవాడు వాళ్ళందరిలోకీ నవ్వించేవాడు. అర్థం తెలియని ఆ మాటను అచ్చం వాళ్ళలాగే అనేవాడు. వీధిలో ఆ మాటకు వణికినవాళ్ళే వరండాలో పగలబడి నవ్వేవాళ్ళు. "ఆ నవ్వు కోసమే ఆడాము" అంది మిస్. ఒకరోజు అతను రిహార్సల్‌కు రాలేదు. మరునాడూ రాలేదు. సైన్యం తీసుకెళ్ళిందని కొందరు, కుర్రాళ్ళు తీసుకెళ్ళారని కొందరు. ఎవరన్నది ఆమెకు చివరిదాకా తెలియలేదు. అతనిది ఒక్క మాటే కదా, ఎవరైనా అనవచ్చు. ఎవరికీ నోరు రాలేదు. నాటకం అక్కడితో ఆగిపోయింది.

ఎన్నో ఏళ్ళకు ఆమె నగరి బస్టాండులో దిగింది. పక్క బస్సు కండక్టరు మెట్టు మీద నుంచి వంగి "యాడికి?" అన్నాడు. ఆమె సంచి పక్కన పెట్టి రోడ్డు మీదే కూర్చుండిపోయింది. "సముద్రం దాటి వస్తే, ఆ మాట నాకంటే ముందే వచ్చి కూర్చుంది పిళ్ళై."

"మరి ఇక్కడే ఎందుకున్నారు మిస్?"

"ఎక్కడ ఉండాలి?" అంది. నిజంగానే అడిగింది.

నీటి పొదుపు నాటకం అడిగితే ఆమె మాకు ఇచ్చింది ఆ నాటకాన్నే. అందులోనూ నీళ్ళున్నాయి కదా అంది సిస్టర్‌తో. ముసలామెగా నన్ను పెట్టింది. నేను బెదిరిపోయాను. క్లాసులో హాజరు పలకడానికే నాకు గొంతు వచ్చేది కాదు. "నువ్వు తల ఎత్తవు. అందుకే నిన్ను పెట్టాను" అంది. "ఆ ముసలామె కూడా ఎత్తదు."

ఆమె నేర్పే పద్ధతి ఒకటి ఉంది. ఎవరి మాటలు వాళ్ళు నేర్చుకోకూడదు. ముందు పక్కవాళ్ళవి నేర్చుకోవాలి. అందరివీ వచ్చాకే మనవి. ఎందుకని మేం అడిగితే, "రేపు అందరూ వస్తారని ఎవరు చెప్పారు?" అనేది. జలుబు చేసి మానేసేవాళ్ళ గురించి అనుకున్నారు మిగతా పిల్లలు. నాకొక్కదానికే తెలుసు. ఎవరైనా ఆలస్యంగా వస్తే నేను గేటు వైపే చూస్తూ ఉండేదాన్ని.

"భయంగా ఉంది మిస్" అని ఒకరోజు అన్నాను.

"నాకూ" అంది. "భయం పోవాలని ఎవరూ నాటకం ఆడరు. ఊరికే కూర్చుంటే భయం మనల్ని తింటుంది. దానికి ఏదైనా పని చెప్పాలి."

స్కూల్ డే దగ్గర పడుతుండగా ముఖ్య అతిథి ఎవరో తెలిసింది. మా వీధి చివర ఉండే రిటైరైన సుబేదారు. శాంతి కోసమని మన దేశం నుంచి జాఫ్నా వెళ్ళిన ఆ సైన్యంలో పనిచేసి వచ్చినాయన.

ఆ సాయంత్రం నాయన వెనక గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి పోలేదు. "మీకెందుకు టీచరమ్మా ఇయ్యన్నీ? ఆయప్పకు కోపమొచ్చి స్టేషన్లో ఒక మాటన్యాడంటే మేం గూడా ఏం సెయ్యలేం. పిల్లోళ్ళతో ఏదో ఒక డాన్సు ఏపిచ్చండి."

మిస్ చాలాసేపు నాయన చెప్పుల వైపు చూసింది. "ఒకసారి ఆగిపోయింది. అది చాలు" అంది. ఆ గొంతులో ధైర్యం లేదు.

స్కూల్ డే రోజు సిపాయి వేషం కట్టాల్సిన అమ్మాయి రాలేదు. వాళ్ళ నాయన కానిస్టేబులు. నాటకం సంగతి తెలిసి ఇంట్లోనే ఉంచేశాడని తర్వాత తెలిసింది. అప్పుడు మాకది తెలియదు. తెర వెనక ఖాకీ టోపీ ఒక స్టూలు మీద ఉంది. మేం అందరం దాని చుట్టూ నిలబడ్డాం. అందరికీ ఆ మాట వచ్చు. పుట్టినప్పటి నుంచీ రోజూ అనే మాటే. ఒక్కరమూ చెయ్యి చాపలేదు. మిస్ ముఖం చూశాక చాపలేకపోయాం. ఆమె చెమట తుడుచుకుంది. చెప్పులు విడిచింది. టోపీ తనే పెట్టుకుంది.

నేను బిందెతో నడుస్తున్నాను. మొదటి కూడలి. వెనక నుంచి వచ్చింది ఆ మాట.

"యాడికి?"

హాలంతా నవ్వింది. మిలిటరీ టోపీ పెట్టుకుని మా ఊరి బస్సు కండక్టరులా అడిగితే ఎవరికి నవ్వు రాదు? వెనక బెంచీల నుంచి ఎవరో "పుత్తూరుకి, ఒక టికెట్టు!" అని అరిచారు. ఇంకా నవ్వారు. రెండో కూడలిలోనూ నవ్వారు. ఆ తర్వాత నవ్వు పలచబడింది. ఆమె ఆ మాటను ప్రతిసారీ ఒకేలా అంటోంది. కొంచెం కూడా పెంచలేదు, తగ్గించలేదు. మా మాటే. మా అవ్వ మాటే. కానీ మాది కాదన్నట్టు వినిపిస్తోంది. చివరి కూడలికి వచ్చేసరికి హాల్లో పసిపిల్లలు కూడా కిక్కురుమనలేదు. నేను తల ఎత్తలేదు. నాకు కనిపించింది ఆమె పాదాలే. అవి ఎంత వణుకుతున్నాయంటే కింద చెక్క కూడా అదురుతోంది.

"మరిసిపోయినా నాయనా" అన్నాను. అది నా ఆఖరి మాట.

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. సుబేదారు బహుమతులు ఇవ్వకుండానే లేచి వెళ్ళిపోయారు.

మరునాడు సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చారు. నాయన కుర్చీ వేశాడు. ఆయన కూర్చోలేదు. మిస్ గుమ్మంలో నిలబడింది.

"ఆ మాట మీకెవురు సెప్పినారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు. కూడలిలో విన్నాను."

"ఏ కూడలి?"

ఆమె ఒక పేరు చెప్పింది. ఆయన కుర్చీ వీపు పట్టుకున్నారు. "ఆడ నేనుండ్లా. ఇంగో పక్క ఉన్నా" అన్నారు. తర్వాత, "మాకు వాళ్ళ మాట రాదు. వాళ్ళకు హిందీ రాదు. బయమేస్తే నోట్లో నుంచి ఇంటి మాటే వస్తాదమ్మా. పల్లెలో అడిగినట్టే అడిగినాం."

"మీరు భయపడ్డారని మాకు తెలియదు" అంది మిస్. "మేము తల ఎత్తేవాళ్ళం కాదు. బూట్లు మాత్రమే చూశాము."

అమ్మ ఇచ్చిన మజ్జిగ ఆయన అక్కడే అరుగు మీద పెట్టి గేటు వైపు నడిచారు. అప్పుడే గుడి నుంచి వస్తున్న అవ్వకు ఈ సంగతులేమీ తెలియవు. "యాడికి సుబేదారూ, అప్పుడే?" అంది.

ఆయన నిలబడిపోయారు. గేటు మీద చెయ్యి అట్లాగే ఉంది. అవ్వ రెండోసారి అడగకుండా పక్కకు తప్పుకుంది.

కొన్నాళ్ళకు స్టేషన్ నుంచి కబురు వచ్చింది. వాళ్ళకు చెప్పింది సుబేదారు కాదని నా నమ్మకం. నమ్మకమే, తెలియదు. మిస్‌తో నాయన వెళ్ళాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెట్టి, "ఇట్లాంటియి వొద్దమ్మా, పిల్లోళ్ళకి కుట్టు నేర్పుకో" అని పంపించేశారు. అంతకంటే ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆమెను కుంగదీసింది. ఏదో ఒకటి చేసేస్తే అది అయిపోయేది. అప్పటి నుంచి వీధిలో మోటారు సైకిల్ ఆగితే ఆమె చేతిలో సూది ఆగేది. తర్వాతి స్కూల్ డేలన్నిటికీ డాన్సులే. నేను చదువుకు తిరుపతి వచ్చేశాను. సెలవుల్లో వెళ్ళినప్పుడు నాటకం ఊసెత్తితే, "నీ జాకెట్టు చేతులు వదులుగా ఉన్నాయి, ఇటు రా" అనేది.

ఆ నాటకం ఎక్కడా రాసి లేదు. మా బ్యాచ్ పిల్లలు పెళ్ళిళ్ళయి తలా ఒక ఊరు వెళ్ళిపోయారు. ఆమెతో పాటే అదీ పోతుందని నా భయం. ఫోన్ పెట్టేశాక బస్సులో వెళ్తున్నంతసేపూ ముసలామె మాటలు గుర్తు చేసుకుంటూనే ఉన్నాను. రెండో కూడలి తర్వాత అడుగు పడలేదు.

కాన్వెంటు వెనక సమాధుల తోటలో ఆమెను పెట్టారు. తర్వాత నేనూ నాయనా స్టేషన్‌కు వెళ్ళి చెప్పాం. అక్కడున్నాయన మర్యాదగానే విన్నాడు. "సరేమ్మా. ఇంగ ఆమె రానక్కర్లే" అన్నాడు. ఆమెను ఇప్పుడు ఎవరూ ఎక్కడికీ పంపలేరు. కాబట్టి రాస్తున్నాను.

స్టేషన్ నుంచి నాయన ఇంటికి వెళ్ళాడు. నేను మళ్ళీ కాన్వెంటుకు వెళ్ళాను. గేటు దగ్గర యూనిఫాంలో ఇద్దరు పిల్లలు నా కోసమే చూస్తున్నట్టున్నారు. ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

"అక్కా, ఫస్టు ముసలామి నువ్వేనంట గదా?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"మిస్సు సెప్పింది. నువ్వు అస్సలు తల ఎత్తలేదంట. మమ్మల్ని గూడా అట్లే సెయ్యమంటాది."

వాళ్ళు నన్ను కుట్టు గదికి తీసుకెళ్ళారు. లోపల ఇంకొంతమంది పిల్లలున్నారు. ఒకమ్మాయి తలుపు మూసి కిటికీ దగ్గర నిలబడింది, వరండా కనిపించేలా. మిగతావాళ్ళు మిషన్ల ముందు కూర్చున్నారు. మిస్ ఆ నాటకాన్ని ప్రతి ఏడాదీ తొమ్మిదో తరగతి వాళ్ళకు ఈ గదిలోనే నేర్పిందట. వాళ్ళు ఎనిమిదో తరగతి వాళ్ళకు చెప్పకూడదు, మిస్సే చెప్పాలి. ఇప్పుడెవరు చెబుతారో వాళ్ళకు తెలియడం లేదు. అది అడగడానికే నా కోసం చూస్తున్నారు.

"నేను దీని గురించి రాయొచ్చా?" అని అడిగాను.

ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కిటికీ దగ్గరి పిల్ల వెనక్కి తిరగకుండానే అంది. "పేర్లు రాయొద్దక్కా. అయినా మేం ఈ ఊరోళ్ళమే గదా, మమ్మల్ని యాడికని పంపిస్తారు?" అందరూ నవ్వారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.

తర్వాత మిషన్లు తొక్కడం మొదలుపెట్టారు. ఒక్కదాని మీదా గుడ్డ లేదు.

"సప్పుడుకక్కా" అంది పక్కనున్న పిల్ల, నా చూపు గమనించి. "బయటికి కుట్టు క్లాసు మాదిరి ఇనపడాల గదా."

ఒకమ్మాయి లేచి గది మధ్యకు వచ్చింది. తల దించుకుని, లేని బిందెను నడుముకు ఎత్తుకుంది. చుట్టూ సూదులు గుడ్డ లేని చోట పైకీ కిందికీ ఆడుతూనే ఉన్నాయి.